కింది మోత

మా నాయిన డప్పు మా ఇంట్ల గోడకు వేలాడేది కాదు. మంచం కింద ఉండేది. పాత గోనెసంచిల చుట్టి లోపలికి తోసి పెట్టేటోడు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియా వెనక బస్తీలో ఒకటే రేకుల రూము మాది. మంచం మీద నాయిన, కింద అమ్మ, నేను, తమ్ముడు. రాత్రిపూట చెయ్యి చాపితే ఆ గోనెసంచి తగిలేది. తోలు వాసన వచ్చేది. ఆ వాసన నా యూనిఫాంకు అంటుకొని నాతోపాటు బడికి వస్తుందేమోనని భయపడేదాన్ని.

నాయిన పగలు కంపెనీల లోడింగు పని చేసేటోడు. కాంట్రాక్టు కూలి. బస్తీలనో, అటు ఉప్పల్, మల్లాపూర్ దిక్కో ఎవరన్నా సచ్చిపోతే కబురొచ్చేది. డ్యూటీ దిగి నేరుగా పోయేటోడు. మేం భువనగిరి దిక్కు పల్లె నుంచి వచ్చినోళ్ళం. మాదిగోళ్ళం. ఊర్ల డప్పు కొట్టుడు వెట్టి. "ఆడ కొట్టకుంటె తన్నేటోళ్ళు, ఈడ కొడితె పైసలిస్తరు. గంతే తేడా" అనేటోడు. గంతే అన్నాడు గానీ, ఆ తేడా కోసమే ఆయన ఊరు విడిచి వచ్చాడని నాకు చాలా ఏండ్లకు అర్థమైంది.

ఇంటర్ రెండో సంవత్సరం. ఇద్దరు స్నేహితురాళ్ళతో కాలేజీ నుంచి ఉప్పల్‌లో నడిచి వస్తున్నా. ఎదురుగా శవయాత్ర. ముందట నలుగురు డప్పులోళ్ళు. అందులో మా నాయిన. నేను చున్నీ మొఖం మీదికి లాక్కున్నా. నాయిన నన్ను చూసిండు. చూసి, తనే మొఖం అటు తిప్పుకున్నడు. బిడ్డకు సిగ్గు కావొద్దని. చేతులు మాత్రం ఆగలే. దరువు తప్పలే. ఆ రాత్రి ఇంట్ల ఎవ్వరం దాని గురించి మాట్లాడలే. తర్వాత డిగ్రీ అప్లికేషన్‌లో 'తండ్రి వృత్తి' అన్నకాడ 'ప్రైవేటు ఉద్యోగం' అని రాసిన.

ఇది ఒక పాటల ఆల్బం మీద రాస్తున్న విమర్శ. ఇందులోకి మా నాయిన ఎందుకొచ్చిండని అడిగేవాళ్ళు ఉంటారు. సంగీత విమర్శ అంటే రాగం, తాళం, శ్రుతి గురించి చెప్పాలి కదా అంటారు. వినేవాళ్ళకు ఒక కులం, ఒక బస్తీ, ఒక మంచం ఉన్నాయని ఒప్పుకోని విమర్శ మనకు అక్కరలేదు. నేను ఆ ఆల్బం విన్నప్పుడల్లా నా పక్కన నాయిన ఉన్నాడు. కాబట్టి ఈ వ్యాసంలో కూడా ఉంటాడు.

ఆల్బం పేరు 'ది లో ఎండ్ థియరీ'. చేసింది 'ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్' అనే అమెరికా నల్లజాతి యువకుల బృందం. అందులో మాట పలికేవాళ్ళు క్యూ-టిప్, ఫైఫ్ డాగ్. ఇద్దరూ న్యూయార్కు నగరం క్వీన్స్ ప్రాంతంలో చిన్నప్పటి నుంచి కలిసి పెరిగిన స్నేహితులు. రికార్డులు తిప్పేవాడు అలీ షహీద్ ముహమ్మద్. 1991 సెప్టెంబరు 24న విడుదలైంది. 14 పాటలు. 2022లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, ఆ దేశం ఎప్పటికీ కాపాడుకోవలసిన రికార్డింగుల జాబితాలో దీన్ని చేర్చింది.

నాకు ఇది దొరికింది 2011లో, ఉస్మానియా హాస్టల్‌లో. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. ఆర్ట్స్ కాలేజీ ముందు ఏ మీటింగు పెట్టినా డప్పు ఉండాల్సిందే. నేను మంచం కింద దాచుకున్న వస్తువు వేదిక మీదికి ఎక్కింది. ఏనాడూ తోలు ముట్టని కులాల పిల్లలు కూడా మెడకు తగిలించుకొని ఫొటోలు దిగుతున్నారు. నాకు సంతోషం కావాలె కదా. కాలేదు. కడుపులో ఏదో మెలిపెట్టినట్టు ఉండేది. అది చూసి, ఇంగ్లిషు సాహిత్యంలో పరిశోధన చేస్తున్న ఒక అక్క పెన్‌డ్రైవ్ ఇచ్చి, "ఇవి నల్లోళ్ళ దండోరా పాటలు. ఫస్టు పాట నుంచి వరసగ విను" అంది.

నేను ఆమె చెప్పినట్టే విన్నా. మొదటి పాట 'ఎక్స్‌కర్షన్స్'. డ్రమ్ము లేదు. గిటారు లేదు. ఒక లావు తీగ వాద్యం మాత్రం కింద నడుస్తున్నది. జాజ్‌లో దాన్ని డబుల్ బాస్ అంటారు. మనిషి ఎత్తు ఉంటుంది. పక్కన నిలబడి వాయిస్తారు. దాని మోత చెవికంటే ముందు ఛాతీకి తగులుతుంది. ఆ మోత మీద ఒక పిల్లవాడు మాట మొదలుపెట్టాడు. ఏం చెబుతున్నాడు? తన చిన్నప్పటి సంగతి. హిప్‌హాప్ వింటుంటే తన కాలపు జాజ్, బీబాప్, గుర్తుకొస్తున్నదని వాళ్ళ నాయిన అన్న సంగతి.

నేను అక్కడే ఆపేసిన. మళ్ళీ మొదటి నుంచి పెట్టిన. ఒక కొడుకు తన ఆల్బం మొదటి పాట మొదటి మాటల్లోనే నాయినను తీసుకొచ్చి నిలబెట్టాడు. చున్నీ లాక్కోలే. మొఖం తిప్పలే. నాయిన సంగీతం వేరు, నాది వేరు అనలే. ఆయన చెవి తప్పు కాదని, ఆయన విన్నది నిజమేనని సాక్ష్యం చెప్పాడు. సాక్ష్యం ఏమిటంటే ఆ పాటే. కింద నడుస్తున్న ఆ బాస్ ఆర్ట్ బ్లేకీ అనే జాజ్ డ్రమ్మర్ బృందం 1970లలో చేసిన రికార్డు నుంచి తీసుకున్నది. మధ్యలో 'ది లాస్ట్ పోయెట్స్' గొంతులు కూడా వినబడతాయి. వాళ్ళు 1968లో హార్లెంలో పుట్టిన కవుల బృందం. చేత్తో కొట్టే డ్రమ్ముల మీద నల్లవాళ్ళ విముక్తి కవిత్వం చదివినవాళ్ళు. అంటే ఒక్క పాటలో మూడు తరాలు ఉన్నాయి.

పాత రికార్డులోని ముక్క తీసి కొత్త పాటలో తిప్పడాన్ని శాంప్లింగ్ అంటారు. ఇది దొంగతనం అనేవాళ్ళు అక్కడా ఉన్నారు. సంగీతం నేర్చుకోలేనివాళ్ళ పని అనేవాళ్ళు ఇంకా ఎక్కువ. నాకైతే మా అమ్మ కుట్టిన బొంత యాదికొచ్చింది. నాయినమ్మ చీర, అమ్మ పెండ్లి చీర, నా చిరిగిన లంగా, నాయిన కంపెనీ లుంగీ, అన్నీ పొరలు పొరలుగా పరిచి, దబ్బనంతో కుట్టేది. ఏ ముక్క ఎవరిదో కప్పుకున్నోళ్ళకు తెలుసు. దాన్ని దొంగతనం అంటామా? కొత్త బట్ట కొనే పైసలు లేనోళ్ళు పాత బట్టకు చేసే మర్యాద అది. హిప్‌హాప్ కూడా గట్లనే పుట్టింది. 1973లో న్యూయార్కు బ్రాంక్స్‌లో, వాయిద్యాలు కొనలేని, నేర్పేవాళ్ళు లేని పేద నల్లజాతి పిల్లలు ఇంట్లో ఉన్న రికార్డులనే వాయిద్యం చేసుకున్నారు. ఈ ఆల్బం వచ్చిన మూడు నెలలకు, 1991 డిసెంబరులో, అనుమతి లేకుండా శాంప్లింగ్ చేయడం నేరమని అక్కడి కోర్టు ఒక కేసులో చెప్పింది. ఆ తర్వాత ఇట్లాంటి బొంత కుట్టడానికి కూడా పెట్టుబడి కావలసి వచ్చింది. ఆ పిల్లలకు ఈ వ్యాపారం సంగతి ముందే తెలుసు. పాటగాళ్ళను కంపెనీలు ఎట్లా ముంచుతాయో చెప్పడానికి ఇదే ఆల్బంలో 'షో బిజినెస్' అని ఒక పాట పెట్టుకున్నారు. మన పాటలు పేరు లేకుండా, పైసా లేకుండా సినిమాలకెక్కిన సంగతి తెలిసిన మనకు ఇది కొత్త కథ కాదు.

ఇప్పుడు పేరు సంగతి. 'లో ఎండ్' అంటే సంగీతంలో కింది స్వరాలు, మందరమైన మోత. అదే మాటకు సమాజంలో కింది మెట్టు అనే అర్థం కూడా ఉంది. నల్లజాతి మగవాడిని ఆ సమాజం ఎక్కడ నిలబెట్టిందో చెప్పడానికి ఆ పేరు పెట్టుకున్నారు. కింద ఉన్నవాడి గురించి కింది మోతతోనే చెప్పడం, ఆ రెండూ ఒకటేనని చూపడం, అదే వాళ్ళ సిద్ధాంతం. మామూలుగా పాటలో పై గొంతును వింటాం. కింద బాస్ ఉన్నదని కూడా గుర్తుపట్టం. కానీ దాన్ని తీసేస్తే పాట కూలిపోతుంది. ఊరు కూడా అంతే కదా. మాదిగవాడ, మాలవాడ లేకుండా ఒక్క దినం నడిచిన ఊరు ఉందా? వీళ్ళు చేసిందేమంటే, ఎవరూ పట్టించుకోని ఆ కింది మోతను ముందుకు తెచ్చి, మిగతా అన్నిటినీ తగ్గించారు. అంతకు ముందు వచ్చిన చాలా ర్యాప్ ఆల్బంలలో చప్పుడు ఎక్కువ. వీళ్ళు ఖాళీ వదిలారు. ఒక బాస్, ఒక డ్రమ్ము, ఒక మనిషి మాట. ఆ ఖాళీలో మాటలోని ప్రతి విరుపూ వినబడుతుంది.

'వర్సెస్ ఫ్రమ్ ది ఆబ్‌స్ట్రాక్ట్' అనే పాటలో వీళ్ళు రికార్డు ముక్కతో సరిపెట్టుకోలేదు. రాన్ కార్టర్ అనే పెద్దాయననే పిలిచి బాస్ వాయించమన్నారు. ఆయన 1937లో మిషిగన్‌లో పుట్టాడు. పదేండ్ల వయసులో చెల్లో అనే వాద్యం పట్టాడు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో గొప్ప వాద్యకారుడు కావాలని ఆశ. చదువు ఉంది, చేతిలో పని ఉంది. కానీ తెల్లవాళ్ళ ఆర్కెస్ట్రాలలో నల్లపిల్లవాడికి చోటు లేదు. చెల్లో వదిలి డబుల్ బాస్‌కు మారవలసి వచ్చింది. జాజ్‌కు వచ్చాడు. 1963 నుంచి 1968 దాకా మైల్స్ డేవిస్ బృందంలో వాయించాడు. 2,200కు పైగా రికార్డింగులలో వాయించినందుకు 2015లో గిన్నిస్ పుస్తకానికెక్కాడు. పై వాద్యం అందనియ్యకపోతే కింది వాద్యాన్నే ఎవరూ అందుకోలేని ఎత్తుకు తీసుకుపోయాడు. 54 ఏండ్ల ఆ మనిషి, 21 ఏండ్ల పిల్లల పాటకు వచ్చి నిలబడ్డాడు. తాతల సంగీతాన్ని మనవలు పిలవడమూ, తాతలు రావడమూ, ఈ రెండూ జరిగిన పాట అది.

నాయిన డప్పు గురించి నాకు అప్పటిదాకా తెలియనిది ఏమిటో ఇక్కడ తెలిసింది. డప్పుకు రెండు పుల్లలు. కుడిచేతిలో పొట్టిగా, లావుగా ఉండేది సిర్ర. ఎడమచేతిలో సన్నగా, పొడుగ్గా ఉండేది సిటికెన పుల్ల. దూరం నుంచి వినేవాళ్ళకు సిటికెన పుల్ల చిటచిటలే తెలుస్తాయి. దగ్గర నిలబడితే సిర్ర దెబ్బ కడుపులో పడుతుంది. మనుషులను నడిపించేది అదే. మా ఇంట్ల కూడా ఒక 'లో ఎండ్' ఉండె. దాన్ని నేను వాసనగా గుర్తుపెట్టుకున్నా గాని మోతగా వినలే.

మనకూ వాళ్ళకూ పోలిక పెట్టేటప్పుడు ఒక తేడా మరిచిపోవద్దు. అమెరికాలో 1739లో స్టోనో దగ్గర బానిసలు డ్రమ్ములు కొట్టుకుంటూ తిరగబడ్డారు. మరుసటి ఏడాది సౌత్ కరోలినా చట్టం చేసి బానిసలకు డ్రమ్ము లేకుండా చేసింది. అక్కడ కొడితే శిక్ష. ఇక్కడ కొట్టకపోతే శిక్ష. వాళ్ళు పోగొట్టుకున్నదాన్ని వెతుక్కున్నారు. మన మెడకు కట్టినదాన్ని మనం విప్పుకోవాలె. అందుకే డప్పును వదిలేయమన్న మన పెద్దల మాటను నేను తప్పు పట్టను. శవం ముందు, దొర ముందు కొట్టే పని కులం అంటగట్టిన పని. అంబేద్కర్ చెప్పినట్టు అటువంటి పనులు విడవాల్సిందే. కానీ పనిని విడవడమూ, పనితనాన్ని విడవడమూ ఒకటేనా? నేను ఆ రెండింటినీ కలిపి విడిచిన. 1994లో మొదలైన దండోరా ఉద్యమం డప్పును మళ్ళీ మెడకు ఎత్తుకున్నప్పుడు ఈ రెండింటినీ వేరుచేసి చూపింది. ఆ తేడాను చెవులతో వినాలనుకునేవాళ్ళు ఈ ఆల్బం వినాలె.

నల్లవాళ్ళు మనకు దూరపువాళ్ళని అనుకోవద్దు. నాచారం నుంచి ఉప్పల్‌కు పోయే తోవలనే హబ్సిగూడ ఉంది. ఆ పేరు హబ్షీల నుంచి, అంటే అబిసీనియా దిక్కు నుంచి వచ్చిన ఆఫ్రికా మనుషుల నుంచి వచ్చిందని చెబుతారు. నిజాం దగ్గర ఆఫ్రికా అంగరక్షకుల దళం ఉండేది. వాళ్ళున్న చోటుకే ఏసీ గార్డ్స్ అని పేరు. హైదరాబాద్ బరాత్‌లలో ఉర్రూతలూగించే మర్ఫాలో ఆ మనుషుల చేతి దరువు ఉంది. ఇక అంబేద్కర్ 1913 నుంచి 1916 దాకా న్యూయార్కులో చదివిన కొలంబియా విశ్వవిద్యాలయం హార్లెం పక్కనే. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ ఆ పేరు పెట్టుకున్నది బ్లాక్ పాంథర్స్‌ను చూసి. ఇవన్నీ మన చరిత్రలోవే. కాబట్టి ఈ పాటలను 'విదేశీ మోజు' అని కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు.

ఈ ఆల్బంను పొగిడేవాళ్ళు చాలామందే ఉన్నారు. అందులో ఒక రకం పొగడ్త మీద నాకు అనుమానం. "ఇది తెలివైన ర్యాప్, మర్యాదగల ర్యాప్. తుపాకులు, బూతులు ఉన్న ఆ ర్యాప్ లాంటిది కాదు" అంటారు. ఈ వాసన మనకు తెలుసు. "నీ కవిత బాగుంది, మిగతా దళిత కవుల లాగ అరవలేదు" అని మన భుజం తట్టే అగ్రకుల విమర్శకుడి మాట ఇదే. ఒకరిని మెచ్చుకోవడానికి పదిమందిని తొక్కే మెప్పు అది. 1988లో లాస్ ఏంజిలిస్ పక్కన కాంప్టన్ పిల్లలు పోలీసుల మీద బూతులతో పాడితే, ఆ బూతుకు కారణం పోలీసు లాఠీలో వెతకాలె గాని పిల్లల నోట్లో కాదు. రాన్ కార్టర్ కూడా బూతు ఉండొద్దని షరతు పెట్టి వచ్చాడని చెప్పుకుంటారు. పెట్టి ఉండొచ్చు. ఇంటి పెద్ద చెప్పే మాట వేరు, దొర చెప్పే మాట వేరు. పెద్దాయన పిల్లలతో కలిసి వాయిస్తూ చెప్పాడు. దొర వాకిట్ల నిలబెట్టి చెబుతాడు. నేను ఈ ఆల్బంను మెచ్చుకునేది మర్యాదకు కాదు.

దీనికి ఎదురుగా మనవాళ్ళలోనే ఇంకో మాట ఉంది. ఒక విద్యార్థి సభలో ఈ పాటల గురించి చెబితే ఒక తమ్ముడు లేచి అడిగాడు: "అక్కా, 1991 అంటే చుండూరు ఏడాది. ఆగస్టు 6న మనోళ్ళను 8 మందిని నరికి చంపిండ్రు. దానికి 49 రోజుల తర్వాత వచ్చిన ఈ పాటలల్ల కోపం ఏది? ఇంత తీరిక ఎక్కడిది?" సరైన ప్రశ్న. ఆ కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. కోపం తీరే కాలం ఇంకా రాలేదు. అమెరికాలో కూడా అదే 1991 మార్చిలో రాడ్నీ కింగ్‌ను పోలీసులు రోడ్డు మీద చావబాదారు. మరి ఈ పిల్లలు స్నేహం గురించి, వీధి గురించి, మాట నేర్పు గురించి నవ్వుతూ చెప్పుకుంటారేమిటి?

నా జవాబు ఇది. మనల్ని చంపేవాళ్ళు మన ప్రాణం ఒక్కటే తియ్యరు. బతికున్నవాళ్ళ తీరికను కూడా తీసుకుంటారు. మనం ఎప్పుడూ ఏడవాలె, లేదంటే అరవాలె. మూడోది మనకు లేదని అందరూ అనుకుంటారు, చివరికి మనం కూడా. పనితనం మీద ధ్యాస పెట్టే తీరిక, స్నేహితుడి వాక్యాన్ని మధ్యలో అందుకొని పూర్తిచేసే సరదా, నాయినతో సంగీతం గురించి వాదించుకునే సాయంత్రం, ఇవి పైవాళ్ళకు పుట్టుకతో వచ్చే ఆస్తులు. ఈ ఆల్బం వాటిని అడుక్కోలేదు, తీసుకుంది. 'చెక్ ది రైమ్'లో క్యూ-టిప్, ఫైఫ్ ఒకరి మాట ఒకరు అందుకునే తీరు వినండి. డప్పులోళ్ళు ఎదురెదురుగా నిలబడి దరువు మార్చుకునేటప్పుడు కండ్లతో చేసుకునే సైగ అది. మా నాయిన శవం ముందు నడుస్తూ కూడా పక్కోనితో దరువు మార్చేటప్పుడు సన్నగ నవ్వేటోడని నాకు ఇప్పుడు యాదికొస్తున్నది. అప్పుడు ఆ నవ్వు కూడా నాకు సిగ్గుగానే ఉండేది. అది కళాకారుని నవ్వు.

ఇంత మెచ్చుకున్నాక తప్పు చెప్పకపోతే నా విమర్శ ఒంటికంటిది అవుతుంది. అట్ట మీద ఒక ఆడమనిషి శరీరం ఉంది. బట్టలు లేవు, ఒంటి మీద ఎరుపు, ఆకుపచ్చ చారల రంగు. లోపల మాత్రం ఆడమనిషి మాట లేదు. వినియా మోహికా అనే ఆమె గొంతు 'వర్సెస్ ఫ్రమ్ ది ఆబ్‌స్ట్రాక్ట్' పల్లవిలో వినబడుతుంది, అంతవరకే. బలాత్కారం మీద ఒక పాట ఉంది. తప్పని చెప్పడానికే మొదలుపెడతారు గాని, నడుమ ఆడవాళ్ళ మీద చులకన మాటలు దొర్లుతాయి. అదే స్నేహితుల గుంపులో క్వీన్ లతీఫా ఉంది. 1993లో ఆమె పాడిన 'యూనిటీ'లో కూడా జాజ్ ఉంది. తమ మగవాళ్ళు తమను పిలిచే తిట్టుపేర్లను ఆమె ఆ పాటలో నిలదీసింది. ఈ ఆల్బంలో లేని సగం అక్కడ ఉంది. ఇది మనకూ తగిలే మాట. దళిత కవిత్వంలో మా మాట ఎక్కడ అని మా అక్కలు అడగవలసి వచ్చింది. అడిగి, గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' తెచ్చుకున్నారు.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఫైఫ్ వాళ్ళ అమ్మ షెరిల్ బోయ్స్-టేలర్ కవి. ట్రినిడాడ్ నుంచి వలస వచ్చిన మనిషి. కొడుకు పోయాక ఆయన మీద ఒక పుస్తకమే రాసింది. అంటే ఆ మాట నేర్పు తండ్రుల దగ్గర నుంచే రాలేదు. మొదటి పాటలో నాయిన ఉన్నాడు. అమ్మ లేదు. కానీ ఫైఫ్ ఇంట్ల కవిత్వం చదివే అమ్మ ఉంది. బొంత కుట్టిందెవరో బొంత మీద రాసి ఉండదు కదా.

ఫైఫ్ 2016 మార్చి 22న షుగర్ జబ్బుతో పోయాడు. 45 ఏండ్లు. ఆ వార్త చూసినప్పుడు మా నాయిన మంచం మీద కాలు చాపుకొని ఉన్నాడు. ఆయనకూ షుగరే. అప్పటికి ఎడమకాలు వేలు ఒకటి తీసేశారు. పాత కంపెనీ పని పోయింది, నడిచే ఓపిక లేదు గనుక చావు పిలుపులు కూడా ఆగిపోయినయి. నేను ఫోన్ల 'ఎక్స్‌కర్షన్స్' పెట్టి ఆయన పక్కన ఉంచిన. ఏమీ చెప్పలే. కండ్లు మూసుకొని విన్నడు. కొంచెం సేపటికి వేళ్ళు మంచం పట్టె మీద ఆడుతున్నయి. "గిది సిర్ర ఒక్కటే కొడ్తున్నడు. సిటికెన పుల్ల ఏది?" అన్నడు. అన్న కాసేపటికి పాటలో డ్రమ్ము వచ్చింది. "ఆఁ, వచ్చింది. ఆగి తెచ్చిండు. పనోడు" అన్నడు.

బాస్‌ను ఒంటరిగా నడిపించి, డ్రమ్మును ఆపి ఆపి తేవడమే ఆ పాటలోని పనితనమని నాకు అర్థం కావడానికి ఐదేండ్లు పట్టింది. అక్షరం రాని మా నాయినకు రెండు నిమిషాలు కూడా పట్టలే. పిలగాడు ఏం చెబుతున్నడని అడిగితే చెప్పిన. వాళ్ళ నాయిన గురించి అన్న. "నాయిన గురించి పాటల పెట్టిండా?" అన్నడు. ఇంకేమీ అనలే. గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. ఉప్పల్‌ల మొఖం తిప్పుకున్న దినం ఇద్దరికీ యాదికొచ్చిందని నాకు తెలుసు.

ఇప్పుడు నేను సర్కారు బడిల పంతులమ్మను. మా పిల్లలు ఇంటర్వెల్‌ల బెంచీల మీద దరువేస్తారు. మొదట్ల నేనూ స్కేలు తీసుకొని పోయి ఆపినదాన్నే. ఇప్పుడు తలుపు దగ్గర నిలబడి వింటా. అందులో ఏ పిల్లవాడి ఇంట్ల మంచం కింద ఏముందో ఎవరికి తెలుసు?

కార్యకర్తలకు, విద్యార్థులకు నేను చెప్పేది ఒక్కటే. ఈ ఆల్బం గొప్పదని ఎవరో జాబితాలో రాసినందుకు వినొద్దు. కింద ఉన్నదాన్ని పైకెత్తి చూపడం ఒక రాజకీయం. కింద ఉన్నది మొదటి నుంచీ మోస్తూనే ఉన్నదని వినిపించడం ఇంకో రాజకీయం. మొదటిది మన ఉపన్యాసాలలో చాలా ఉంది. రెండోది ఈ ఆల్బంలో ఉంది. అందుకే దీనికి ఇంత మెప్పు. విని, మీ ఇంట్ల పెద్దోళ్ళకు వినిపించి, వాళ్ళు ఏమంటారో రాసుకోండి. మన విమర్శ అక్కడ మొదలవుతుంది.

పోయిన ఏడాది నాయినను అడిగిన, నాకు నేర్పమని. "ఆడపిల్లవు, పైంగ టీచరమ్మవు, నీకెందుకు బిడ్డా" అన్నడు. రెండు దినాలు అనలే. మూడో దినం పొద్దుగాల మంచం కింద నుంచి గోనెసంచి తనే తీసిండు. బయట కాగితాలు, పుల్లలు ఏసి మంట పెట్టి డప్పు కాపిండు. నా చేతిల సిర్ర పెట్టిండు.

"గట్టిగ పట్టుకోకు. గట్టిగ పట్టుకుంటె మోత నీ చేతులనే ఆగిపోతది" అన్నడు.

ఇంకా సరిగ్గ పలుకుతలేదు. నేర్చుకుంటున్నా.